బయట కూర్చున్న మనిషి

2003 వేసవి. మదనపల్లెలో నేను పనిచేసే ఆస్పత్రిలో ఆడవాళ్ళ ఓపీ పక్కన, మందుల స్టోరుకు ఆనుకుని నాకొక గది ఇచ్చారు. రెండు కుర్చీలు, ఒక బెంచీ, తలుపుకు గడియ. ఆ గడియ కోసం ఆఫీసువాళ్ళతో పోట్లాడాల్సి వచ్చింది. కిటికీ లేకపోయినా సర్దుకుంటాను గానీ గడియ లేని గదిలో కూర్చోనని తెగేసి చెప్పాను. కొన్నేళ్ళు స్టాఫ్ నర్సుగా చేసి, ఆ తర్వాత బెంగళూరులో కోర్సు చదివి కౌన్సెలర్‌నయ్యాను. కౌన్సెలింగ్ అంటే సలహాలు చెప్పడమని చాలామంది అనుకుంటారు. మా బంధువు ఒకాయన "కూర్చోబెట్టి మాట్లాడినందుకు నీకు జీతమిస్తారా తల్లీ" అని ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. నిజానికి మేం మాట్లాడేది తక్కువ. ఎదుటి మనిషి చెప్పేదాకా ఓర్చుకుని కూర్చోవడమే ఎక్కువ. ముక్కు మీద కోపం ఉన్న నాలాంటిదానికి ఆ ఓర్పు అంత తేలిగ్గా రాలేదు.

లైంగిక హింసకు గురైన ఆడవాళ్ళు నా దగ్గరికి చాలామంది వచ్చారు. ఎవరూ ఆ మాట చెప్పుకుని రారు. తలనొప్పి అని, నిద్ర పట్టదని, గాలి సోకిందని వస్తారు. డాక్టర్లు పరీక్షలన్నీ చేసి, ఏమీ తేలకపోతే నా గదికి పంపేవారు. సరోజ కూడా అలాగే వచ్చింది. అది ఆమె అసలు పేరు కాదు, మిగతా పేర్లూ మార్చాను. ఊరు పుంగనూరు దాటి పెద్దపంజాణి వైపు అనుకోండి, చాలు. మా పనిలో కాన్ఫిడెన్షియాలిటీ అని ఒక నియమం ఉంది: గదిలో విన్నది గది దాటకూడదు. ఇప్పుడు రాస్తున్నానంటే ఆమె రాయమన్నది కాబట్టే.

ఆ రోజు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది. "ఈ అమ్మాయిని హిస్టరెక్టమీకి ఒప్పించాలట. ఇంటివాళ్ళంతా చేయమంటున్నారు, ఈమె ఒక్కతే వద్దంటోంది. నెలలో ఎక్కువ దినాలు ముట్టేనట. స్కానింగ్‌లో ఏమీ లేదు. రక్తం చూస్తే నాకంటే బాగుంది. నెలల తరబడి అంత పోయే మనిషికి ఇలా ఉండదు. ఏదో ఉంది, నువ్వు చూడు."

హిస్టరెక్టమీ అంటే గర్భసంచి తీసేసే ఆపరేషన్. ఆ రోజుల్లో మా వైపు అది పన్ను పీకించుకున్నంత మామూలైపోయింది. పిల్లలు చాలనుకున్న ఆడమనిషి నడుం నొప్పి అన్నా సరే, ఇంటివాళ్ళు తీసేయమనేవారు. తీసేసే ఆస్పత్రులూ దొరికేవి. సరోజకు అప్పటికి ముప్పై కూడా నిండలేదు.

వరండాలో నలుగురు కూర్చుని ఉన్నారు. మొగుడు మునిరత్నం మద్రాసుకు టమోటా లారీ నడుపుతాడు. అతని అన్న రెడ్డెప్ప ఇంటికి పెద్ద. అత్త నాగమ్మ. పక్కన ఆరేళ్ళ శీన, సరోజ కొడుకు. ఇంకో ఆడపిల్ల ఉంది, ఇంటి దగ్గరే ఉందన్నారు. సరోజ వాళ్ళకు దూరంగా గోడవార నేల మీద కూర్చుంది. నేను చూస్తుండగానే ఆ పిల్లవాడు చేతిలో బన్ను పట్టుకుని తల్లి దగ్గరికి పరుగెత్తాడు. మూరెడు దూరంలో టక్కున ఆగిపోయి అడిగాడు.

"అమ్మా, ముట్టుకోవచ్చునా?"

ఆమె అడ్డంగా తలూపింది. వాడు మారాం చేయలేదు. బన్ను సగం తుంచి ఆమె ముందు నేల మీద పెట్టి, వెనక్కి వచ్చి అవ్వ పక్కన కూర్చున్నాడు. అది వాడికి రోజూ ఉండే సంగతేనని చూస్తేనే తెలిసింది.

మా పల్లెల్లో ముట్టయిన ఆడమనిషిని 'బయటుండాది' అంటారు. మూడు దినాలు వసారాలో వేరే చాప, వేరే కంచం. ఎవరూ ముట్టుకోరు. పట్టుపురుగులు పెంచే ఇళ్ళలో ఈ పట్టింపు మరీ ఎక్కువ. ముట్టయిన మనిషి పురుగులింటి గడప తొక్కితే పురుగులకు రోగం తగులుతుందని గట్టిగా నమ్ముతారు. వీళ్ళదీ పట్టుపురుగుల ఇల్లే.

మాటలన్నీ రెడ్డెప్పే మాట్లాడాడు. తమ్ముడు అన్న వెనక తలొంచుకుని నిలబడ్డాడు.

"గూడు కట్టే ముందు పురుగుకు ఆకు ఎంత ఏసినా సాలదు మేడమ్. ఇంటిల్లిపాదీ పనిజేయాల. ఈ మనిషేమో ఎప్పుడు సూసినా బయటే కూసోనుండాది. ఇద్దురు పిలకాయలు సాలని ఆపరేశన్ కూడా అయిపోయె. ఇంగ ఆ సంచి యాల? తీసేస్తే పీడా పోతాది. కర్సు నేను పెట్టుకుంటా."

"నేను ఆమెతో ఒంటరిగా మాట్లాడాలి."

"మా ముందర సెప్పరానిది ఏముంటాది మేడమ్?"

"అది ఆమె చెబితే గదా నాకు తెలిసేది. మీరు ఇక్కడే కూర్చోండి" అన్నాను. నా గొంతు లేచిందని వరండాలో అందరూ తలలు తిప్పాక గానీ తెలియలేదు.

గదిలోకి వచ్చి గడియ వేస్తే ఆమె ఉలిక్కిపడింది. అందుకని తలుపు పక్క కుర్చీ ఆమెకిచ్చాను. "గడియ నీ చేతికి అందేట్టు ఉంది. ఎప్పుడు తీయాలనిపిస్తే అప్పుడు నువ్వే తియ్యి, నన్ను అడగబనిలేదు" అన్నాను. ఆమె గడియ కేసి ఒకసారి చూసుకుని కూర్చుంది.

ఆపరేషన్ అంటే భయమా అంటే కాదంది. ఎందుకు వద్దంటున్నావని ఇంట్లోవాళ్ళు ఆమెను తినేసి ఉంటారు, నేనూ అదే అడిగితే నోరు మూసుకుంటుంది. అందుకని ఇంకోలా అడిగాను.

"సంచి తీసేస్తే నీకేం పోతుందమ్మా?"

ఆమె కొంగు అంచు మెలిపెట్టింది. తర్వాత నేల చూస్తూ అంది.

"తీసేస్తే ఇంగ బయట కూసునేదానికి ఉండదు గదా మేడమ్."

నాకు అర్థం కాలేదు. ఆ మూడు దినాల అంటుముట్టును తిట్టుకోని ఆడదాన్ని నేను చూడలేదు. ఎండకూ చలికీ వసారాలో పడి ఉండటం పోతుందని ఈమె ఏడుస్తోందా?

"బయట కూర్చుంటే ఏముంది?"

"బయటుంటే ఎవురూ ముట్టుకోరు."

ఆమె రక్తం రిపోర్టు ఎందుకంత బాగుందో తెలిసిపోయింది. ఎవరు ముట్టుకోకూడదు అన్న ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను. జవాబుగా రావాల్సిన పేరున్న మనిషి తలుపు అవతలే కూర్చుని ఉండొచ్చు. "నువ్వు ఒప్పుకోకుండా ఇక్కడ ఎవరూ నీ ఒంటి మీద కత్తి పెట్టరు. అంతవరకు నాది పూచీ" అని మాత్రం చెప్పాను. ఆమె లేచి గడియ తనే తీసి వెళ్ళింది.

డాక్టరమ్మ వాళ్ళతో ఉన్నమాటే చెప్పింది. ఆపరేషన్ అవసరం లేదు, వచ్చే నెల పుంగనూరు క్యాంపులో మళ్ళీ చూస్తాను అంది. రెడ్డెప్ప టవలు దులిపి భుజాన వేసుకున్నాడు. "మదనపల్లెలో మీదొకటేనా ఆస్పత్రి?" అన్నాడు నవ్వుతూనే.

పుంగనూరులో మా క్యాంపు ఒక బళ్ళో జరిగేది. ఆ నెల సరోజ అత్తతో వచ్చింది. నాకిచ్చిన తరగతి గదిలో బోర్డు మీద పిల్లల కూడికలు చెరపకుండా ఉన్నాయి. సరోజ చిన్నపిల్లల బెంచీ మీద ఒదిగి కూర్చుని, ఆ కూడికల వైపు చూస్తూ చెప్పింది. మొగుడు లారీ ఎక్కి పోయిన దినాల్లో పురుగులకు ఆకు వేసే పని ఆమెది, బావది.

"పురుగులింటి తలుపులు ఎప్పుడూ మూసే ఉండాల మేడమ్, ఈగలు రాకుండా. లోపల పురుగులు ఆకు తినే సప్పుడు వాన పడినట్ల ఉంటాది. అరిసినా బయటికి ఇనబడదు."

బెంచీ అంచు గీరుతూ ఆమే మళ్ళీ అంది.

"ఒకమాటు నిజంగానే బయట చేరినా. ఆ మూడు దినాలూ బావ నా పక్కకు రాలేదు. అప్పుడు తెలిసింది, ఈడ కూసుంటే రాడని. పాపమని బయపడేవోడు కాదు మేడమ్. నన్ను ముట్టుకోని పోతే పురుగు సస్తాదని బయం."

తన ఒంటికి లేని విలువ పురుగుకు ఉందని ఆమె కనిపెట్టుకుని, ఆ పురుగు చాటున దాక్కుంది. నెల మీద నెల. ఇప్పుడు ఆ చాటు కూడా తీసేయాలని చూస్తున్నారు.

ఆమె ముందు ఉన్న దారులన్నీ చెప్పాను. పోలీసు కేసు, ఉచితంగా వాదించే లాయరు, మొగుడికి చెప్పడం, ఇల్లు విడిచిపోవడం. ఏ దారిలో పోవాలో చెప్పడం నా పని కాదు. రమ్మంటే తోడు వస్తాను, అంతే. స్టేషన్‌కు నేనొస్తానన్నాను.

"ఆడ ఎంతమంది ముందర ఎన్ని మాట్లు సెప్పమంటారో మీకు తెల్దా?"

తెలుసు. అందుకే మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మీ ఆయనతో చెబుతావా అంటే పెదవి విరిచింది.

"ఆయన నమ్మితే అన్నను నరుకుతాడు. నమ్మకపోతే నన్ను నరుకుతాడు. రెండూ వద్దు మేడమ్. కుప్పంలో మా సిన్నమ్మ ఉండాది. పిలకాయల్ని ఎత్తుకోని ఆడికి పోతే సాలు. అయితే నన్ను ఎవురు పంపిస్తారు? ఏమని సెప్పి పోయేది?"

కుప్పంలో నాకు తెలిసిన నర్సు ఉందని, ఎప్పుడు వచ్చినా చూసుకుంటుందని చెప్పి, ఫోన్ నంబరు ఆమెకు నోటికి వచ్చేదాకా చెప్పించాను.

బయటికి వస్తే కొళాయి దగ్గర నాగమ్మ కూర్చుని పొగాకు నములుతోంది. నన్ను చూసి పక్కకు ఉమ్మింది.

"అది సెప్పిందామ్మా?"

"లోపల మాట్లాడింది నేను బయట చెప్పకూడదవ్వా."

"సెప్పబాకులే. గుడ్డలుతికే బండ మా ఇంట్లో ఒకటే. దాని గుడ్డ మీద మరక నెలలో ఎన్ని దినాలుంటాదో నాకు తెల్దా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అంటే ఈమెకు అంతా తెలుసు! "తెలిసి ఏం చేశావవ్వా?" అన్నాను. కౌన్సెలర్ అడగాల్సిన పద్ధతిలో అడగలేదు.

"దాని పక్కన సాప ఏసుకోని పండుకుంటి. ఇంగేం సేసేది? పెద్దోడు నా కడుపున పుట్టినోడే గదా తల్లీ." కాసేపు నమిలి, గొంతు తగ్గించింది. "వాడికీ అనుమానం వచ్చేసిండాది. అందుకే సంచి తీసేమంటాండాడు. ఇంగో ఆస్పత్రి మాట్లాడినాడు. ఈ కాపు పురుగు గూడు కట్టినాక తీసకపోతాడంట."

అంతదాకా ఆ ఆపరేషన్ పని పోతుందన్న చిరాకులోంచి పుట్టిందనుకున్నాను. కాదు. తప్పించుకునే చోటు ఎక్కడుందో తెలిసి, అదే కోసేయమంటున్నాడు.

నాగమ్మ లేచి కొంగు ముడి విప్పి సబ్బు ముక్క తీసింది. చేతులు మోచేతుల దాకా రుద్ది రుద్ది కడుక్కుంది. నేను చూస్తుంటే చెప్పింది. "పురుగుల కాడికి పోయే సేతులమ్మా. పొగాకు అంటిన ఆకు తింటే ఒక్క పురుగు మిగల్దు. యాడికి పోయినా సబ్బు నా కొంగునే ఉంటాది."

డాక్టరమ్మతో సరోజ అనుమతించినంత వరకే చెప్పాను. కేసు పేపర్ల మీద ఆపరేషన్ అవసరం లేదని ఆమె గట్టిగా రాసింది. కానీ వేరే ఆస్పత్రిలో ఆ పేపరు ఎవరు చూస్తారు? మా పనిలో ఇదే నరకం. అంతా తెలిసి, ఫోన్ మోగుతుందేమోనని కూర్చోవాలి.

మోగింది. కుప్పం నుంచి, ఎస్టీడీ బూతులో నుంచి. "మేడమ్, వచ్చేసినా" అంది సరోజ. సంతోషం గానీ ఏడుపు గానీ లేదు ఆ గొంతులో. ఆ ఆదివారమే బస్సెక్కాను.

రైలు స్టేషన్ వెనక సందులో చిన్నమ్మది ఒంటిగది ఇల్లు. సరోజ పక్కన కూతురు మాత్రమే ఉంది. ఏం జరిగిందో ఆమె నిదానంగా చెప్పింది. పురుగు రేపోమాపో గూడు కడుతుందనగా ఒక పొద్దున తట్టల్లోని పురుగులన్నీ పచ్చగా కక్కుకుంటూ, తలలు ఆడిస్తూ చచ్చిపోయాయి. నాగమ్మ జుట్టు విరబోసుకుని వీధిలోకి వచ్చి గుండెలు బాదుకుంది. "ఇది ముట్టుతో పురుగులింట్లోకి పోయింది, నేను సూసినా! ఈ మనిషి ఇంట్లో ఉంటే మాకు గింజ పుట్టదు! దాన్ని దాని వాళ్ళ కాడికి తోలేయండి!" అని ఊరంతా కూడేట్టు అరిచింది. అప్పుడే లారీ దిగి వచ్చిన మునిరత్నం తట్టల ముందు కూలబడ్డాడు. ఊరివాళ్ళు అవునన్నారు.

"మరి మీ బావ?"

"ఏమంటాడు మేడమ్? దీనికి ఎప్పుడూ ముట్టేనని ఊరంతా సెప్పింది ఆయనే గదా. ఇప్పుడు ముట్టు లేదంటే, నీకెట్ల తెలుసునని అడుగుతారు."

మునిరత్నమే ఆమెను కుప్పానికి తెచ్చి దింపాడు. ఆడపిల్లను పంపారు. మగపిల్లవాడు ఇంటివాడని శీనను ఉంచేసుకున్నారు. ఆ బేరంలో ఆమె మాట ఎవరూ అడగలేదు.

"నువ్వు నిజంగా పురుగులింట్లోకి వెళ్ళావా?" అని అడిగాను.

"లేదు. ఆ ముందు దినం అత్త పొగాకు నమలతా వచ్చి ఆకు గంపలో సెయ్యి పెట్టింది. కడుక్కోలేదు. గంపంతా కలబెట్టింది. నేను వసారాలో నుంచి సూస్తాండా. ఆమె తల ఎత్తి నన్ను సూసింది. ఇద్దురమూ ఏమీ మాట్లాడలేదు."

నాగమ్మను మెచ్చుకోవాలో తిట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు. కొడుకును వేలెత్తి చూపలేక, ఇంటి కూటిని తన చేత్తోనే తగలేసుకుంది. ఆ నింద కోడలి నెత్తిన వేసి, ఆ నిందతోనే ఆమెను గడప దాటించింది. ఆ సాయంత్రం మళ్ళీ పెద్ద కొడుక్కి సంగటి వడ్డించే ఉంటుంది. ఊరి దృష్టిలో సరోజ ఇంటికి చేటు తెచ్చిన మనిషి, రెడ్డెప్ప పాపం, పురుగులు పోగొట్టుకున్న మనిషి. కొన్నేళ్ళ తర్వాత మదనపల్లె టమోటా మార్కెట్ దగ్గర నాకు ఎదురుపడి "బాగుండారా మేడమ్?" అని దణ్ణం కూడా పెట్టాడు. నేను చేతులు జోడించలేదు. అంతకంటే నేనేమీ చేయలేకపోయాను, చేయడానికి ఆమె నాకు అనుమతి ఇవ్వలేదు. కేసు పెట్టించి ఉండాల్సిందని నాతో వాదించినవాళ్ళున్నారు. స్టేషన్ మెట్లెక్కాల్సింది వాళ్ళు కాదు.

నా దగ్గరికి పని నేర్చుకోవడానికి వచ్చే అమ్మాయిలకు ఈ కేసే చెబుతాను. ఒక మనిషి మనకు పిచ్చిగా కనబడే పనిని పట్టుకుని వదలకపోతే, ఎందుకు చేస్తున్నావని గద్దించకండి. అది పోతే నీకేం పోతుందని అడగండి. ఆమె దాక్కున్న గోడ మనకు కట్టుకథలా ఉండొచ్చు. ఇంకో గోడ కట్టి చూపించేదాకా దాన్ని కూల్చే హక్కు మనకు లేదు.

2008లో ఒక ట్రైనింగ్ కోసం కుప్పం వెళ్ళినప్పుడు సరోజను చూశాను. చిన్నమ్మ ఇంటి పక్కనే వేరే గది తీసుకుని జాకెట్లు కుడుతోంది. తలుపుకు లోపలి వైపు రెండు గడియలు. నన్ను కూర్చోబెట్టి స్టవ్ వెలిగించింది. కాఫీ గ్లాసు అందించబోయి ఆగింది.

"ఈ పొద్దు నేను నిజంగానే బయట, మేడమ్. తాగుతారా?"

"ఇటు తే, చల్లారిపోతుంది" అన్నాను. ఆమె నవ్వగా చూడటం నాకదే మొదలు. "ఈడ నేను బయట కూసునేదే లేదు. ఎప్పుడూ లోపలే" అంది గడియల వైపు చూస్తూ.

శీన గురించి అడిగాను. మునిరత్నం లారీ ఇటు వచ్చినప్పుడు తెస్తాడట. వాడికిప్పుడు పదకొండేళ్ళు. అన్నం తింటాడు, అక్కతో ఆడుకుంటాడు, తల్లి దగ్గరికి మాత్రం ఊరికే రాడు.

"ఇంగా అడగతాడు మేడమ్, ముట్టుకోవచ్చునా అని. గడప కాడే నిలబడుకోని. ఎప్పుడైనా రారా నాయనా అని ఎన్ని మాట్లు సెప్పినా, అడగందే రాడు. నేనే కదా అట్ల నేర్పించింది." ఆమె కళ్ళు తుడుచుకోలేదు. నీళ్ళు వాటంతట అవే కారాయి. "ఆయన తెచ్చేది ఒక్క పొద్దుకే. అందులో ఆ అడిగేది ఇంటే నాకు పేగులు కోసినట్ల ఉంటాది."

నేను గ్లాసు కింద పెట్టాను. ఆమె దాన్ని తీసి కడుగుతూ, నా వైపు తిరక్కుండానే అంది.

"అయినా మేడమ్, ఆ ఇంట్లో నన్ను అడిగి ముట్టుకునింది వాడొక్కడే."